బెంచీ మీద కొడుకు

అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కి రావాలంటే సికింద్రాబాద్ దాటాలి, హుస్సేన్‌సాగర్ దాటాలి, బషీర్‌బాగ్ చేరాలి. 1950ల నడుమ అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే కుర్రాడు ఉండేవాడు. తమిళ కుటుంబం. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. కాళ్లకు బూట్లు లేకపోతే, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత సరిచేయించుకుని తొడుక్కున్నవాడు. ఆ కూలి డబ్బులు కూడా తల్లి దగ్గర తీసుకున్నవే.

ఆ కుర్రాడి ఆట హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కంటబడింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కోసం హైదరాబాద్ జట్టుకు ఫతే మైదాన్‌లో శిక్షణ జరుగుతోంది, వచ్చి చేరమన్నారు. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. బలరామ్ నేల చూపులు చూశాడు. అంత దూరం రోజూ రావాలంటే చార్జీలకు డబ్బుల్లేవు. ఆ సంగతి చెప్పడం ఆ వయసులో ఎంత కష్టమో, చెప్పుకున్నవాళ్లకే తెలుస్తుంది. రహీమ్ సాబ్ పెద్దగా ఆలోచించలేదు. సైకిల్ అద్దెకు తీసుకుని రమ్మని జేబులోంచి రూపాయి తీసి ఇచ్చారు. జంటనగరాల్లో అప్పుడు సైకిల్ టాక్సీ దుకాణాలకు కొదవ లేదు. దుకాణదారు పలక మీద పేరు, టైము రాసుకునేవాడు. గంటకింత చొప్పున లెక్క.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ రోజు ఇద్దరి మధ్యా నడిచిన మాటల్ని ఎవరూ రికార్డు చేయలేదు. అందుకని ఈ కథలో ఎవరి నోట్లోనూ నేను సంభాషణలు పెట్టడం లేదు. జరిగినట్టు తెలిసినవే ఒకదాని పక్కన ఒకటి పెడుతున్నాను. ఆ రూపాయి సంగతి బలరామ్ పెద్దవాడయ్యాక స్వయంగా చెప్పుకున్నదే.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. ఆ తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు: ఆయన పాఠాలు చెప్పిన బళ్లు ఇలాంటివి. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాక పిల్లల ఆటల బాధ్యత కూడా ఆయన నెత్తినే పడింది. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఇరవై ఏళ్లు! ఇప్పటి క్రీడా సంఘాల్లో అన్నేళ్లు పదవిలో ఉన్నాడని వింటే మనకు వెంటనే అనుమానం వస్తుంది. రహీమ్ విషయంలో ఆ ఇరవై ఏళ్లూ ఎక్కడ ఖర్చయ్యాయో మైదానాల్లో కనిపిస్తుంది.

ఆయన పెద్దలకన్నా ముందు పిల్లలతో మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఆయన నడిపించిన టోర్నమెంట్లు వింటే ముందు నవ్వొస్తుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి అందగానే ఇంకొకడికి అందించెయ్యాలి. ఇంకో టోర్నమెంట్‌లో బలమైన కాలు వాడకూడదు. కుడికాలి వాటం పిల్లాడు ఆట మొత్తం ఎడమకాలితోనే తన్నాలి. మరోటి పొట్టివాళ్ల పోటీ. ఇంత ఎత్తు అని గీత గీసి, దాని కింద నిలబడ్డవాళ్లకే చోటు.

గల్లీలో ఆడే పిల్లాడికి డ్రిబ్లింగే ఆట. నలుగుర్ని దాటించి గోలు కొడితే వాడు ఆ వీధికి రాజు. ఆ ఒక్క సంబరాన్నే రహీమ్ లాక్కున్నారు. ఎందుకంటే మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి అంతకన్నా వేగంగా వెళ్తుంది. పాస్ ఇచ్చేవాడు ముందే తల ఎత్తి చూడాలి, తీసుకునేవాడు ముందే ఖాళీలోకి వెళ్లాలి. ఈ రెండూ నేర్పాలంటే ఉపన్యాసం చాలదు. డ్రిబుల్ చేస్తే విజిల్ వేస్తామంటే చాలు, పదకొండు మందీ తలెత్తుతారు. ఎడమకాలి సంగతీ అంతే. ఒక్క కాలే ఆడేవాణ్ణి డిఫెండర్ రెండు నిమిషాల్లో చదివేస్తాడు. ఇక పొట్టి పిల్లల పోటీ వెనక ఉన్నది కేవలం న్యాయం. పన్నెండేళ్లకే మీసాలొచ్చిన వాడి పక్కన, ఇంకా ఎదగని పిల్లాడు బక్కగా నిలబడి ఓడిపోతూ ఉంటే, వాడి కాళ్లలో ఏముందో ఎవరు చూస్తారు? బళ్లో వెనక బెంచీ పిల్లల్ని రోజూ చూసే మాస్టారికే ఇలాంటి ఆలోచన వస్తుందని నా నమ్మకం.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. పోలీసు చర్య జరిగి రెండేళ్లు నిండీ నిండని కాలం. సంస్థానం పోయింది, ఎవరి కొలువు ఉంటుందో ఎవరిది ఊడుతుందో తెలియని నగరం. అలాంటి ఊరి నుంచి బయల్దేరిన పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. మళ్లీ ఏడాది మళ్లీ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు! ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే దేశంలో ఇది మామూలు దెబ్బ కాదు. 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది.

దేశం జట్టు సంగతి కాస్త త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ భాగం అందరూ చెప్పేదే. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఏషియన్ గేమ్స్‌లో రహీమ్ శిక్షణలో భారత్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం తెచ్చుకుంది. మేవాలాల్ గోలు కొట్టాడు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. చలిలో, చిత్తడి గడ్డి మీద, బూట్ల కాళ్ల మధ్య. ఆ తర్వాతే మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఇంకో నాలుగేళ్లకు 1956లో మెల్‌బోర్న్. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాపై 4-2. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడి తొలి హ్యాట్రిక్ అది. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోలు కొట్టింది మనవాళ్లు. చివరికి 4-1తో ఓడిపోయారు, కంచు పతకం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో అదీ పోగొట్టుకున్నారు. అయినా నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ ఇంతకన్నా పైకి ఎప్పుడూ వెళ్లలేదు. అమ్ముగూడ బలరామ్ ఆ జట్టులో ఉన్నాడు. అప్పుడు వాడికి ఇరవై ఏళ్లు.

అసలు కథ 1960లో ఉంది.

రోమ్ ఒలింపిక్స్. పి.కె. బెనర్జీ కెప్టెన్. రహీమ్ కోచ్. జట్టు జాబితాలో ఎస్.ఎస్. హకీమ్ అనే పేరు ఉంది. సయ్యద్ షాహిద్ హకీమ్, ఇరవయ్యొక్క ఏళ్ల హైదరాబాదీ, రహీమ్ గారి కొడుకు.

ఒక్కసారి ఆ తండ్రి స్థానంలో నిలబడి చూడండి. పిల్లాడు బాగా ఆడతాడు, ఆడకపోతే అక్కడిదాకా రాడు. కానీ జట్టు ఎంపికలో కోచ్ మాట ఉంటుందని అందరికీ తెలుసు. మన దేశంలో కొడుకు పేరు జాబితాలో కనబడగానే జనం ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. మరోవైపు ఇంట్లో తల్లి ఉంటుంది, చుట్టాలుంటారు. కొడుకు ఒలింపిక్స్‌కి వెళ్తున్నాడంటే వాళ్లు చూడాలనుకునేది వాడు ఆడటం. బెంచీ మీద కూర్చోవడం కాదు.

మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. మూడూ మూడు కొండలు. మ్యాచ్‌లు రోమ్ నగరంలో కూడా కాదు, లాక్విలా, గ్రొసెటో, పెస్కారా అనే ఊళ్లలో. మొదటి మ్యాచ్ హంగరీతో. ఆ జట్టు చివరికి కంచు పతకం పట్టుకెళ్లింది. భారత్ 2-1తో ఓడింది. మన ఒక్క గోలూ కొట్టింది బలరామ్. సైకిల్ అద్దెకు తీసుకుని తొక్కుకుంటూ వచ్చిన కుర్రాడే. రెండో మ్యాచ్‌లో ఫ్రాన్స్‌పై పి.కె. గోలు కొట్టాడు, గెలిచేశామనుకునేలోపు వాళ్లు సమం చేశారు, 1-1. మూడోది పెరూతో, 3-1 ఓటమి. ఆ ఒక్క గోలూ మళ్లీ బలరామ్‌దే.

హకీమ్ మూడు మ్యాచ్‌లూ చూశాడు. ఒక్కదాంట్లోనూ ఆడలేదు.

ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చే సౌకర్యం ఆ రోజుల్లో లేదు. ఆఖరి పది నిమిషాల్లో దింపి, మా వాడూ ఆడాడనిపించుకునే దొడ్డిదారి ఏ కోచ్‌కీ ఉండేది కాదు. మొదటి పదకొండు మందిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రహీమ్ గారు మూడుసార్లు ఆ పదకొండు పేర్లు రాశారు. మూడుసార్లూ కొడుకు పేరు రాయలేదు. మూడో మ్యాచ్ నాటికి మనకు పెద్దగా ఆశ కూడా లేదు. అప్పుడైనా వాణ్ణి ఆడించి ఉంటే తప్పుబట్టేవాళ్లు ఎవరు? నాకైతే ఆ మూడో జాబితా దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. మొదటి రెండింటిలో న్యాయం కనిపిస్తుంది. మూడోదాంట్లో కాస్త కాఠిన్యం కూడా కనిపిస్తుంది. కన్నకొడుకు మీద అంత కఠినంగా ఉండాల్సిన పని లేదేమో. అయితే జట్టులో మిగతావాళ్లు ఆ జాబితాలు చూశారు. తమను తీసేసినప్పుడు, తమను ఆడించినప్పుడు, కారణం ఆటేనని వాళ్లకు అర్థమైంది. రెండేళ్ల తర్వాత ఆయన చెప్పిన నమ్మశక్యం కాని మార్పులకు ఒక్కడూ ఎదురు చెప్పకపోవడానికి మూలం అక్కడే ఉందని నేననుకుంటాను.

1962, జకార్తా ఏషియన్ గేమ్స్.

ఆ జట్టులో హకీమ్ లేడు. హైదరాబాద్ నుంచి బలరామ్, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ కూడా ఈ గడ్డ మీద పుట్టినవాడే. కెప్టెన్ చునీ గోస్వామి. కోచ్ ఊపిరితిత్తులను అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌పై 4-1తో గెలిచాం కానీ డిఫెన్స్‌కు మూలస్తంభం లాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. ఆరు కుట్లు. జపాన్‌పై 2-0. ఇక సెమీఫైనల్, దక్షిణ వియత్నాంతో.

స్టాపర్‌గా ఆడేవాడు ఎత్తుగా వచ్చిన ప్రతి బంతికీ తల అడ్డం పెట్టాలి. కుట్లు పడ్డ తలతో అది కుదరదు. ఏ కోచ్ అయినా జర్నైల్‌ని పక్కన కూర్చోబెట్టేవాడు. రహీమ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు! దేశంలోకెల్లా గట్టి డిఫెండర్‌ని తీసుకెళ్లి అవతలి గోలు ముందు నిలబెట్టారు. ఆయన వదిలిన చోటు అరుణ్ ఘోష్‌కి ఇచ్చారు. వినేవాళ్లకు పిచ్చి అనిపించి ఉంటుంది. జర్నైల్ గోలు కొట్టాడు, చునీ రెండు కొట్టాడు, భారత్ 3-2తో ఫైనల్ చేరింది.

ఈలోపు మైదానం బయట వేరే మంట రాజుకుంది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఈ క్రీడలకు రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అని ఎలా అంటారని భారత్‌కు చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ నిలదీశారు. జకార్తా జనం భగ్గుమన్నారు. భారత రాయబార కార్యాలయంపై దాడి చేశారు. ఆ మర్నాడే, సెప్టెంబర్ 4న, ఫుట్‌బాల్ ఫైనల్.

ఫైనల్‌కు ముందు రహీమ్ సాబ్ ఆటగాళ్లందర్నీ కూర్చోబెట్టుకున్నారు. ఆయన ఏమన్నారో ఆ గదిలో ఉన్నవాళ్లు తర్వాత చాలాసార్లు చెప్పారు. తనకొక తోహ్ఫా కావాలన్నారట, రేపటి బంగారు పతకమే ఆ తోహ్ఫా అన్నారట. జీవితమంతా పిల్లల జేబుల్లో చార్జీలు పెట్టిన మనిషి, పోలీసు జట్టుకు కప్పుల మీద కప్పులు తెచ్చిపెట్టిన మనిషి, తన కోసం ఒకటి అడిగారు.

సెనయాన్ స్టేడియంలో లక్షమందికి పైన జనం. మన జాతీయగీతం వాళ్ల కేకల్లో కలిసిపోయింది. మనవాళ్ల కాలికి బంతి తగిలితే ఈలలు, కొరియన్ల కాలికి తగిలితే చప్పట్లు. ఆ జనసముద్రంలో మన కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మన క్రీడాకారులు తర్వాత కథలు కథలుగా చెప్పుకున్నారు. నాకు ఈ వివరం చాలా ఇష్టం.

తంగరాజ్ ఫ్లూతో పడి లేచాడు. అంతకుముందు మ్యాచ్‌ల్లో ప్రద్యుత్ బర్మన్ బాగానే కాశాడు. అయినా ఫైనల్‌కు ఆజానుబాహుడైన తంగరాజ్‌నే దించారు. త్రిలోక్ సింగ్ కాలి బొటనవేలు దెబ్బతిని ఉంది, అలాగే ఆడాడు. జర్నైల్ తలకు కట్టుతో మళ్లీ ఫార్వర్డ్ లైన్లోనే. 17వ నిమిషంలో పి.కె. గోలు. 20వ నిమిషంలో జర్నైల్ గోలు. ఆ తర్వాత గంటకు పైగా కాపాడుకోవడమే పని. ఆఖర్లో, అయిదు నిమిషాలుందనగా, కొరియా ఒకటి తిరిగి కొట్టింది. 2-1. అంతే, అయిపోయింది. పది రోజులైనా కాకముందు తమను ఓడించిన జట్టు మీదే భారత్ గెలిచింది.

రహీమ్ సాబ్ హైదరాబాద్ తిరిగొచ్చారు. తర్వాత తొమ్మిది నెలలే బతికారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. యాభై నాలుగు కూడా నిండలేదు. అదే ఏడాది బలరామ్ కూడా ఊపిరితిత్తుల పొర జబ్బు పట్టుకుని ఆటకు స్వస్తి చెప్పాల్సి వచ్చింది, ఇరవై ఏడేళ్లకే.

ఇప్పటిదాకా భారత్ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మళ్లీ బంగారం చూడలేదు. 1970లో ఒక కంచు, అంతే. దీనికంతటికీ ఒక్క మనిషి పోవడమే కారణం అంటే అతిశయోక్తి అవుతుంది. జపాన్, కొరియా లీగులు పెట్టుకున్నాయి, బళ్లలో ఫుట్‌బాల్‌ని పెంచాయి. మనం క్రికెట్‌కు మొగ్గాం. కానీ పదేళ్ల పిల్లలకు డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్ పెట్టాలన్న ఆలోచన మళ్లీ ఏ అధికారి బుర్రలోనైనా మొలిచిందా అని అడిగితే మాత్రం జవాబు దొరకదు.

ఆయన శిష్యుల్లో పి.కె., బలరామ్, చునీ, జర్నైల్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ అర్జున అవార్డులు అందుకున్నారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య 1985లో మొదలైంది. అప్పటికి రహీమ్ పోయి ఇరవై రెండేళ్లు.

హకీమ్ తండ్రి మీద అలగలేదు. ఆటనూ వదల్లేదు. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు. ఫిఫా రిఫరీ అయ్యాడు. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో పి.కె. బెనర్జీ పక్కన సహాయ కోచ్‌గా పనిచేశాడు. మహీంద్రా జట్టును డ్యూరాండ్ కప్ విజేతగా నిలబెట్టాడు. స్పోర్ట్స్ అథారిటీలో చేరి, 2017 అండర్-17 ప్రపంచకప్‌కు ముందు దేశంలో పిల్లల్ని వెతికి పట్టుకొచ్చే పనికి పెద్దగా ఉన్నాడు. అప్పటికి డెబ్బై అయిదు దాటాయి. అదే ఏడాది ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. ఆటగాడిగా, రిఫరీగా, కోచ్‌గా అన్ని వైపులనుంచీ మైదానాన్ని చూసినవాడు తండ్రి గురించి మాట్లాడమంటే గంటలకొద్దీ మాట్లాడేవాడు.

2024 ఏప్రిల్‌లో రహీమ్ మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ ఆయన పాత్ర వేశాడు. జకార్తా ఫైనల్‌ను బాగా తీశారు, హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఎడమకాలి టోర్నమెంట్లు, పొట్టి పిల్లల పోటీలు తీసి ఉంటే ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదేమో. హకీమ్ 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో చనిపోయాడు. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయాడు. విడుదల వాయిదా పడుతూ వచ్చిన ఆ సినిమాను, అందులో ఏది నిజమో ఏది కల్పనో చెప్పగలిగిన ఈ ఇద్దరూ హాల్లో చూడనే లేదు.